సిగ్గు మంచి గుణమే, భయం మాత్రం జబ్బు



ఈ వారం గుండె దడ గురించి రాద్దామని కూర్చున్నాను. రాయబోతే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. గుండె దడ అని, కడుపులో తిప్పుతోందని, చేతులు వణుకుతున్నాయని నా దవాఖానాకు వచ్చే పడుచు పిల్లల్లో కొందరికి గుండెలో గానీ కడుపులో గానీ ఏ లోపమూ కనిపించదు. వాళ్ళను బాధించేది మనుషుల భయం. నలుగురి ముందు నోరు విప్పాలంటే భయం. కొత్తవారి ఎదుట తినాలంటే భయం. ఎవరైనా తమను చూసి నవ్వుతారేమోనన్న భయం. వైద్యులు దీన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు. మనం సామాజిక భయం అని పిలుచుకుందాం. ఇది చాలామందిలో ఒంటరిగా రాదు. ఇంకొన్ని మనోవ్యాధులను వెంటబెట్టుకుని వస్తుంది. అందుకే దీన్ని మొదట చూసే మనలాంటి చిన్న వైద్యులమూ, ఇంట్లో తల్లిదండ్రులూ గుర్తుపట్టలేకపోతున్నాం.

నేను పడ్డ పొరపాటు

ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. మా తొండియార్‌పేటలో మూడు తరాలుగా స్థిరపడిన ఒక నెల్లూరు కుటుంబం ఉంది. పంతొమ్మిదేళ్ళ కొడుకును తల్లి తీసుకొచ్చింది. "హకీం గారూ, పొద్దున లేస్తే వీడికి గుండె దడండీ. కాలేజీకి బయలుదేరే ముందు రెండు మూడుసార్లు దొడ్డికి వెళతాడు. తిండి సయించదు. ఒకటే నీరసం" అంది.

నబ్జ్ చూశాను. వేగంగా ఉంది. ఖఫఖాన్ అనుకున్నాను. ఖమీరా గావ్‌జబాన్ ఇచ్చి, టీ తగ్గించమన్నాను. పది రోజులు నయమనిపించింది. మళ్ళీ వచ్చారు. ఇలా ఏడాదిన్నర గడిచింది. నేను ఏది అడిగినా జవాబు తల్లే చెప్పేది. అబ్బాయి తల వంచుకుని కూర్చునేవాడు. బుద్ధిమంతుడు, సిగ్గరి అనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను.

ఒకరోజు తండ్రి ఒంటరిగా వచ్చాడు. మూడు నెలలుగా అబ్బాయి క్లాసులకు రావడం లేదని కాలేజీ నుంచి కబురు వచ్చిందట. రోజూ పొద్దున టిఫిన్ డబ్బాతో బయలుదేరి, కాసిమేడు వైపు సముద్రం ఒడ్డున సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి వస్తున్నాడట. మర్నాడు అబ్బాయిని ఒక్కడినే లోపలికి పిలిచాను. తల్లిని బయట కూర్చోమన్నాను. మందు సంగతి ఎత్తకుండా ఒక్క ప్రశ్న అడిగాను. "బాబూ, నలుగురిలో మాట్లాడాల్సి వస్తే నీకు ఏమవుతుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చాడు. మొదటి ఏడాది క్లాసులో లేచి పాఠం చెప్పమన్నారట. పెదవులు వణికాయి, తమిళం తడబడింది, వెనక బెంచీలో నవ్వారు. ఆనాటి నుంచి క్లాసుకు వెళ్ళాలంటే కడుపులో తిప్పడం మొదలైంది. రాత్రి నిద్ర పట్టక ఎవరో స్నేహితుడు ఇచ్చిన నిద్రమాత్రలు మింగుతున్నాడు. చివరకు "నేను బతికి ఎవరికి లాభం తాతా" అన్నాడు.

చూశారా! నేను గుండె దడ ఒక్కటే చూశాను. లోపల మూడు జబ్బులున్నాయి. అన్నిటికంటే ముందు మనుషుల భయం, దాని మీద నిరాశ, దాని మీద మాత్రల అలవాటు. ఏడాదిన్నర కిందటే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రెండోది, మూడోది వచ్చేవి కావేమో.

సిగ్గు వేరు, భయం వేరు

మన ఇళ్ళలో ఈ జబ్బు దాగిపోవడానికి పెద్ద కారణం, దాన్ని మంచి గుణమని పొరబడటం. "మా అమ్మాయికి హయా ఎక్కువండీ, ఎవరి ముందుకూ రాదు" అని తల్లి గొప్పగా చెబుతుంది. పెళ్ళిచూపుల్లో అది మంచి మాటే. కానీ ఆ అమ్మాయి బంధువుల ఎదుట ముద్ద మింగలేక శుభకార్యాలకు పోవడం మానేసిందనీ, మార్కులు బాగున్నా చదువు మానుకుందనీ, తనకు నొప్పి వచ్చినా డాక్టరుకు చెప్పలేకపోతోందనీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

హయా మనిషి తెలిసి పాటించే మర్యాద. చేయకూడని పని దగ్గర అది మనల్ని ఆపుతుంది, చేయాల్సిన పని దగ్గర ఆపదు. అన్సారీ స్త్రీలకు సిగ్గు ధర్మాన్ని అడిగి తెలుసుకోవడానికి అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి మీకు తెలిసిందే. చేయాలని మనసులో ఉన్నా చేయనివ్వనిది, అవసరమైన చోట కూడా నోరు కట్టేసేది భయం. అది గుణం కాదు, జబ్బు.

ఒంటరిగా ఉండటం కూడా అంతే. మన పేటకు ఈ పేరు కుణంగుడి మస్తాన్ సాహిబ్ వల్ల వచ్చిందని పెద్దలు చెబుతారు. తొండి ప్రాంతం నుంచి వచ్చినందున ఆయనను జనం తొండియార్ అన్నారట. 1838లో కన్నుమూసిన ఆ సూఫీ కవి ఏకాంతాన్ని కోరి ఎంచుకున్నారు. దాని నుంచి పాటలు పుట్టాయి. మన కుర్రవాడు కాసిమేడు ఒడ్డున కూర్చున్నది ఏకాంతం కోరి కాదు, క్లాసు గది భయానికి. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. "ఇలా ఉండటం నీకు ఇష్టమా, లేక తప్పక ఉంటున్నావా?" అని అడిగితే తేడా తెలిసిపోతుంది.

మన పిల్లలకు ఇంకో భారం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మసీదు దగ్గర ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. నాలుగు చోట్లా నాలుగు భాషలు. ఉర్దూ సరిగా రాదని ఒకరు, తమిళంలో తెలుగు యాస ఉందని ఒకరు నవ్వుతారు. మామూలు పిల్లవాడు ఆ నవ్వును దులుపుకుని పోతాడు. మెత్తని మనసు ఉన్నవాడికి అది గుచ్చుకుని ఉండిపోతుంది.

పాతవారికీ తెలిసిన సంగతే

ఈ జబ్బుకు ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో సోషల్ ఫోబియా అన్న పేరుతో విడిగా స్థానం దొరికింది 1980లోనే. కానీ మన హకీములకు దీని లక్షణాలు కొత్త కావు. షేఖ్ బూ అలీ సీనా (980-1037) తన అల్ ఖానూన్‌లో మాలిఖూలియా తొలి గుర్తులు చెబుతూ కారణం లేని భయాన్ని, ఒంటరితనం మీద మోజును పేర్కొన్నారు. కడుపు ఉబ్బరం, త్రేన్పులతో కలిసి వచ్చే రకాన్ని మాలిఖూలియా మరాఖీ అంటారు. మనసు బాధ కడుపులో పలుకుతుందని వారికి తెలుసు.

వారికంటే ముందు అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు ఉన్నారు. 934లో మరణించారు. శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటినీ ఒకే గ్రంథంలో చర్చించారు. కోపం, భయం, దుఃఖం, వస్వాసు అని మనసు జబ్బులను విడదీసి, ఒక్కొక్కదానికి వేరుగా చికిత్స చెప్పారు. ఇంట్లో ప్రథమ చికిత్స మందులు పెట్టుకున్నట్టే, మనసుకు ధైర్యమిచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలన్నారు. భయపెట్టే వాటిని కళ్ళకు, చెవులకు పదేపదే అలవాటు చేయాలని కూడా సూచించారు. నేటి మనస్తత్వ నిపుణులు చేయించేదీ దాదాపు ఇదే.

ఇమామ్ గజాలీ జీవితంలో జరిగినది కూడా తెలుసుకోదగ్గది. 1095లో బాగ్దాద్ నిజామియాలో వందలమందికి పాఠం చెప్పే ఆయనకు ఉన్నట్టుండి పాఠం ముందు నాలుక పెగలడం మానేసింది. అన్నం అరగలేదు. వైద్యులు పరీక్షించి, ఇది హృదయంలో పుట్టి మిజాజ్‌కు పాకిన బాధ, హృదయ భారం తీరితే తప్ప మందు పనిచేయదు అన్నారు. ఆయనది సామాజిక భయమని నేను అనను. ఆయన సంఘర్షణ వేరు. కానీ ఆ వైద్యులు చేసింది చూడండి. నోరు, కడుపు చెబుతున్న ఫిర్యాదు వెనక మనసును చూశారు. నేను ఆ కుర్రవాడి విషయంలో చేయలేకపోయింది అదే. గజాలీ కొన్నేళ్ళ తర్వాత, 1106లో నిషాపూర్‌లో మళ్ళీ పాఠం చెప్పారు.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ జబ్బు ఎక్కువగా ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్యలోనే మొదలవుతుంది. వైద్యం కోసం వచ్చేది మాత్రం పది, పదిహేనేళ్ళు గడిచాక. కుటుంబ వైద్యులు వాడుకోవడానికి మూడే ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటి ఉంది. దాని సారం ఇది.

1. అవమానం జరుగుతుందేమోనన్న భయంతో పనులు చేయడం, మనుషులతో మాట్లాడటం మానుకుంటున్నారా?

2. అందరి చూపూ మీ మీద పడే సందర్భాలను తప్పించుకుంటున్నారా?

3. నలుగురిలో నవ్వులపాలు కావడం మీకున్న పెద్ద భయాల్లో ఒకటా?

గడచిన వారం రోజులను తలచుకుని ప్రతి ప్రశ్నకూ "అసలు లేదు" అయితే 0, "విపరీతంగా ఉంది" అయితే 4, మధ్యలో తగినట్టు మార్కులు వేసుకోండి. మొత్తం 6 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుడితో మాట్లాడాలి. 6 వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమని కాదు, లోతుగా చూడాలని అర్థం. ఆరు నెలలకు పైగా ఉండి, చదువుకో, పనికో, కాపురానికో అడ్డు పడుతున్నప్పుడే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు.

వెంట వచ్చే జబ్బులు

ఇక అసలు విషయానికి వద్దాం. సామాజిక భయం ఉన్నవారిని చూసినప్పుడు కింది వాటిని కూడా విడివిడిగా అడిగి తీరాలి.

నిరాశ (డిప్రెషన్): తరచుగా కలిసి వచ్చేది ఇదే. భయం ముందు వస్తుంది, కొన్నేళ్ళకు నిరాశ దాని మీద పడుతుంది. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, తనను తాను తిట్టుకోవడం దీని గుర్తులు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

పానిక్: ఉన్నట్టుండి గుండె కొట్టుకుని, ఊపిరి ఆడక, ప్రాణం పోతోందనిపించే పోటు. సామాజిక భయంలో ఇది జనం ఎదుటే వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, నిద్రలో కూడా వస్తుంటే అది వేరే జబ్బు కావచ్చు.

అన్నిటికీ ఆందోళన: ఇంటి ఖర్చు, పిల్లల జ్వరం, రేపటి ప్రయాణం, ఇలా ప్రతిదానికీ నెలల తరబడి గుబులు. వీరి భయం మనుషుల చూపు గురించి మాత్రమే కాదు.

వస్వాసు: వుజూ సరిగా కాలేదని పదిసార్లు చేయడం, తలుపు గడియ మళ్ళీ మళ్ళీ చూడటం. ఇలాంటివారు కూడా జమాఅత్‌కు పోవడం మానేస్తారు. కానీ కారణం జనం కాదు, తీరని అనుమానం.

మత్తు: పెళ్ళి విందులో నలుగురితో కలవడానికి ధైర్యం కోసం మొదలైన గుక్క, సిగరెట్టు, గంజాయి, నిద్రమాత్ర తర్వాత వదలవు. మన ఇళ్ళలో ఇది ఉండదనుకోవడం పొరపాటు. సిగ్గు వల్ల దాచిపెట్టడమే ఎక్కువ.

చర్మపు మచ్చలు, రూపం గురించిన బాధ: బర్స్ అంటే తెల్లమచ్చలు ఉన్నవారు, మొటిమలు ఎక్కువగా ఉన్నవారు జనంలోకి రారు. బర్స్‌కు యునానీలో మంచి పేరున్న చికిత్స ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ మచ్చకు మందు ఇచ్చి మనసును వదిలేస్తే సగం వైద్యమే చేసినట్టు.

ఇంకో రెండు హెచ్చరికలు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని గట్టిగా నమ్మడం, లేని గొంతులు వినబడటం ఉంటే అది సామాజిక భయం కాదు. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించాలి. అలాగే అంతవరకు చలాకీగా ఉన్న పిల్లవాడు హఠాత్తుగా మనుషులను చూసి జంకుతుంటే, ఎవరైనా కొట్టారా, చెడుగా ప్రవర్తించారా అని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి.

శరీరాన్నీ పరీక్షించాలి

మనసు జబ్బు అని తేల్చే ముందు థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ, చక్కెర చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడ వస్తుంది. ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు, రోజుకు ఏడెనిమిది కప్పుల టీ కూడా దడ తెస్తాయి. నత్తి ఉన్న పిల్లలకు మాట నేర్పే నిపుణుడి సాయం కావాలి. ఇంట్లో పెద్దవారు జనంలోకి రావడం మానేస్తే ఒకసారి చెవులు పరీక్ష చేయించండి. వినబడక, తప్పు జవాబు చెబుతామేమోనని ముడుచుకుపోయేవారు ఉన్నారు.

యునానీ పద్ధతిలో ఏం చేయాలి?

యునానీలో అస్బాబె సిత్తా జరూరియా అని ఆరు తప్పనిసరి విషయాలు ఉన్నాయి. గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. మందుకు ముందు ఈ ఆరింటినీ సరిచేయాలి.

రాత్రి ఫోన్ పక్కన పెట్టి పదిన్నరకు పడుకోవాలి. ఫజర్ తర్వాత అరగంట నడక. టీ, కాఫీ రెండు కప్పులకు మించకూడదు. ఉదయం ఖాళీ కడుపుతో బయటికి పోవద్దు. దడ మొదలైతే ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువ సేపు వదలాలి. ఇవి భయాన్ని తీసేయవు, భయాన్ని ఎదుర్కొనే సత్తువ ఇస్తాయి.

మందుల సంగతి నిజాయితీగా చెబుతాను. గావ్‌జబాన్, బాద్రంజ్‌బోయా, ఉస్తుఖుద్దూస్ వంటివి దిల్‌కు, దిమాగ్‌కు బలమిచ్చేవిగా మనవారు వాడుతూ వచ్చారు. హకీమును అడిగి వాడుకోవచ్చు. కానీ ఒక్క ఖమీరాతో ఈ భయం పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఖమీరాలో చక్కెర పాలు ఎక్కువ, మధుమేహం ఉన్నవారు జాగ్రత్త. నిద్రకు, రక్తపోటుకు ఇచ్చే కొన్ని యునానీ మందుల్లో అస్రోల్ అంటే సర్పగంధ ఉంటుంది. అందులోని రిసర్పిన్ నిరాశను పెంచవచ్చన్న హెచ్చరిక ఉంది. నిరాశ ఉన్నవారు దాన్ని సొంతంగా కొనుక్కుని మింగకూడదు.

మెట్టు మెట్టుగా ధైర్యం

అసలు మందు ఇది. యునానీలో ఇలాజ్ బిల్ జిద్ అంటే విరుద్ధ గుణంతో చికిత్స. వేడికి చలువ, భయానికి అలవాటు. తప్పించుకున్న ప్రతిసారీ భయం బలుస్తుంది. ఎదుట నిలబడిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. అయితే ఒకేసారి పైమెట్టు ఎక్కించకూడదు. పిల్లవాడితో కూర్చుని, తేలికైనదాని నుంచి కష్టమైనదాని వరకు కాగితం మీద రాయించండి. ఉదాహరణకు:

మొదటి మెట్టు: వీధి చివర కొట్టులో ధర అడిగి రావడం.

రెండో మెట్టు: టి.హెచ్. రోడ్డు బస్‌స్టాపులో తెలియనివారిని బస్సు గురించి అడగడం.

మూడో మెట్టు: టీ దుకాణంలో మధ్య బల్ల దగ్గర కూర్చుని నిదానంగా టీ తాగడం.

నాలుగో మెట్టు: వలీమా విందులో ఇద్దరు బంధువులను తానే పలకరించడం.

ఐదో మెట్టు: క్లాసులో ఒక ప్రశ్న అడగడం.

ఒక్కో మెట్టు మీద భయం సగం తగ్గేదాకా నిలవాలి. వారంలో నాలుగైదుసార్లు చేయాలి. అది తేలికయ్యాకే తర్వాతి మెట్టు. ఫోన్‌లోకి చూస్తూ చేస్తే, తమ్ముణ్ణి అడగమని పక్కన నిలబడితే లెక్కలోకి రాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడి బదులు మీరు మాట్లాడకండి. దవాఖానాలో, దుకాణంలో, బంధువుల ఇంట్లో జవాబు వాడినే చెప్పనివ్వండి. ఆలస్యమైనా ఆగండి. "మూగవాడివా?" అని పదిమందిలో అనకండి. మేనమామ కొడుకుతో పోల్చకండి. చేసిన చిన్న పనిని మెచ్చుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి?

ఇంటి ప్రయత్నంతో రెండు మూడు నెలల్లో మార్పు లేకపోతే నిపుణుడి దగ్గరికి వెళ్ళాలి. భయపెట్టే ఆలోచనను పరీక్షించి, మెట్టు మెట్టుగా ఎదుర్కొనడం నేర్పే మాటల చికిత్సను కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2013లో ఈ జబ్బుకు దాన్నే మొదటి చికిత్సగా చెప్పాయి. అది చాలకపోతే, లేదా నిరాశ కూడా ఉంటే డాక్టరు సెర్ట్రలిన్, ఎస్‌సిటలోప్రాం వంటి మందులు ఇస్తారు. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వారిలో, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవారు గమనించాలి. సొంతంగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలాం వంటి మాత్రలు అలవాటుగా మారతాయి. దడ తగ్గించే ప్రొప్రనొలోల్ ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. యునానీ మందు వాడుతున్న సంగతి డాక్టరుకు, డాక్టరు మందు వాడుతున్న సంగతి హకీముకు దాచకుండా చెప్పండి.

మన పేటకు దగ్గరలో స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కీల్పాక్‌లో 1794 నాటి మూలాలున్న మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. యునానీ సలహా కోసం రాయపురంలో ప్రాంతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. బయటికి రావడానికే భయపడేవారు ఇంటి నుంచే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం. తెలుగు, తమిళం సహా 20 భాషల్లో పగలూ రాత్రీ మాట్లాడతారు.

"పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారంటే పిల్లకు సంబంధాలు రావు" అని జంకేవారికి ఒక చేదు జ్ఞాపకం చెప్పాలి. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా సమీపంలోని ఒక పాకలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మనోరోగులు తప్పించుకోలేక చనిపోయారు. వారి జబ్బులు వేరు, మన పిల్లల భయం వేరు. కానీ దాచిపెట్టడం, వైద్యం లేకుండా వదిలేయడం ఎక్కడికి తీసుకెళతాయో అది చూపించింది. తర్వాతి కాలంలో గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలోనూ, ఏర్వాడిలోనూ దువాతో పాటు దవా కూడా అందేలా మానసిక వైద్యులను కూర్చోబెట్టారు. దువా చేయించుకోండి, దవా మానకండి. నిమ్హాన్స్ 2015-16లో తమిళనాడుతో సహా 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో, సాధారణ మానసిక రుగ్మతలున్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి వైద్యం అందడం లేదని తేలింది. మన ఇంటి పిల్లలు ఆ 85లో ఉండకూడదు.

ఆ అబ్బాయి సంగతి

ఆ రోజే మేనమామను వెంటబెట్టి అబ్బాయిని స్టాన్లీకి పంపాను. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తండ్రి స్వాధీనం చేసుకున్నాడు. కొన్ని వారాలు ఒంటరిగా వదలలేదు. నిరాశకు మందు, భయానికి మాటల చికిత్స కలిపి నడిచాయి. మెట్ల కాగితం నా బల్ల మీదే రాశాడు. ఒక సంవత్సరం పోయింది, డిగ్రీ ఆలస్యమైంది. కానీ పూర్తయింది. ఇప్పుడు తండ్రి బట్టల కొట్టులో గల్లా దగ్గర కూర్చుంటున్నాడు. కొత్త గిరాకీ వస్తే ఇప్పటికీ కొంచెం చెమట పడుతుందని చెప్పాడు. పడనీ, పని ఆగడం లేదు కదా అన్నాను.

పోయిన ఏడాది వాళ్ళ అక్క నిఖాకు నన్ను పిలిచారు. సాక్షుల్లో ఒకడిగా అతణ్ణి కూర్చోబెట్టారు. ఖాజీ గారు పేరు అడిగారు. తల్లి పరదా వెనక నుంచి చెప్పబోయి ఆగింది. అబ్బాయి తన పేరు, తండ్రి పేరు అందరికీ వినబడేలా చెప్పి సంతకం చేశాడు.

మీ ఇంట్లో గుండె దడ, కడుపు నొప్పి అంటూ ఊరికే ముడుచుకుపోయే బిడ్డ ఉంటే, ఈ రోజే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. "నలుగురిలోకి వెళితే నీకు ఏమవుతుందమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా ఆగండి.

అల్లాహ్ మన పిల్లలందరికీ షిఫానూ, ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.